ఊరా, పట్నమా? అడుగుతున్నది ఎవరిని?

పల్లె బతుకు మంచిదా, పట్నం బతుకు మంచిదా అనే చర్చ మనకు చాలా పాతది. బడిపిల్లల వ్యాసరచన పోటీల నుంచి శాసనసభల దాకా అది సాగుతూనే ఉంది. దాని మీద సినిమాలు వచ్చాయి, పాటలు వచ్చాయి, ప్రభుత్వ పథకాలూ వచ్చాయి. ఈ చర్చలో కనిపించే మనిషి ఎప్పుడూ ఒక కూడలిలో నిలబడి ఉంటాడు. ఒక దారి ఊరికి, ఒక దారి పట్నానికి. ఆలోచించుకుని ఏదో ఒక దారి పడతాడు. 'పడతాడు' అని తెలిసే రాస్తున్నాం. ఆ కూడలిలో ఆగి ఆలోచించుకునే వీలు స్త్రీకి దొరికిన సందర్భాలు చాలా తక్కువ. ఆమె అప్పటికే ఎవరి వెనుకో నడుస్తూ ఉంటుంది, చంకలో బిడ్డతో, నెత్తిన మూటతో.

బసంత్‌నగర్ దగ్గర ఈ ప్రశ్న మరింత చిత్రంగా ఉంటుంది. రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటి రామగుండం వైపు వస్తుంటే సిమెంటు ఫ్యాక్టరీ కనబడుతుంది. 1969లో బిర్లాల కేశోరామ్ కంపెనీ మొదలుపెట్టిన ఫ్యాక్టరీ అది. 2025 మార్చిలో అల్ట్రాటెక్ చేతికి వెళ్ళింది. ఫ్యాక్టరీ, దాని క్వార్టర్లు, 1980లలో వాయుదూత్ విమానాలు దిగి ఆ తర్వాత పాడుపడిన రన్‌వే, వాటి చుట్టూ వరి మళ్ళు, పత్తి చేలు. ఇంకాస్త ముందుకు పోతే ఎన్‌టీపీసీ పొగగొట్టాలు, ఆపైన గోదావరిఖని బొగ్గుబాయిలు. పేరులో నగరం ఉంది, చుట్టూ పల్లెలున్నాయి. ఇది ఊరా, పట్నమా?

జనాభా లెక్కల వాళ్ళ దగ్గర దీనికి ఒక కొలబద్ద ఉంది. మున్సిపాలిటీ లేని చోటును పట్నంగా లెక్కించడానికి 2011 లెక్కల్లో పాటించిన షరతులు మూడు. జనాభా 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. ప్రధానంగా పని చేసే పురుషుల్లో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఆ మూడో షరతును ఇంకోసారి చదవండి. పని చేసే మనుషుల్లో అనలేదు, పురుషుల్లో అన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ నాట్లు వేస్తున్నా, కలుపు తీస్తున్నా, పత్తి ఏరుతున్నా సరే, మగవాళ్ళలో ముప్పాతిక మంది ఫ్యాక్టరీకో బొగ్గుబాయికో పోతుంటే అది పట్నం కిందికి వస్తుంది. మోకాలి లోతు మడిలో ఆమె వంగి ఉండగానే ఆమె ఊరు పట్నమైపోతుంది. తర్వాతి జనాభా లెక్కలకు 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా ప్రకటించారు. ఆ లెక్కలు తీసేవారిని మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

అవే లెక్కల్లో ఇంకో విషయం కూడా ఉంది. ఈ దేశంలో పుట్టిన చోటు వదిలి వేరే చోట ఉంటున్న వారిలో ఎక్కువ మంది స్త్రీలే. వాళ్ళ వలసకు కారణంగా నమోదైన వాటిలో అన్నిటికన్నా పెద్దది పెళ్ళి. మగవాడు పోతే వలస అంటాం, సభలు పెడతాం. ఆడపిల్ల పోతే అప్పగింతలంటాం, భోజనాలు పెడతాం. దాన్ని ఎవరూ వలస అనరు. ఊరా పట్నమా అని ఆ పిల్లను అడిగిన వారూ ఉండరు. సంబంధం ఎటు కుదిరితే అటు. సింగరేణి ఉద్యోగం ఉన్న పిల్లగాడంటే ఈ ప్రాంతంలో ఒకప్పుడు కట్నం రేటే వేరుగా ఉండేది. తల్లిదండ్రులు చెలక అమ్మి మరీ ఇచ్చేవారు. ఆ చెలకలో ఆమె వాటా కూడా ఉందని అమ్మే రోజున ఎవరికీ గుర్తుండేది కాదు.

బొగ్గు పట్నానికి వచ్చిన స్త్రీకి ఏం జరిగిందో కొంచెం నిదానంగా చూడాలి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆమె కూలిమనిషి. కైకిలికి పోయేది. కూలి తక్కువే, మగవాళ్ళకిచ్చే దానికన్నా మరీ తక్కువ. అయినా అది ఆమె చేతికొచ్చే పైస. 1960ల నుంచి గోదావరిఖనిలో ఒక్కొక్క బాయీ తెరుచుకుంటూ వేల మంది కోల్ ఫిల్లర్లుగా, బదిలీ ఫిల్లర్లుగా చేరినప్పుడు వాళ్ళ వెంట భార్యలూ వచ్చారు. వాళ్ళకు అక్కడ ఏ పనీ లేదు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. పైన చేసే పనికి కూడా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే అనుమతించింది. ఇది స్త్రీల మీద దయతో వచ్చిన నిషేధమని చెబుతారు. బ్రిటిష్ ఇండియాలో 1929 నుంచి దశలవారీగా స్త్రీలను గనుల అడుగు నుంచి బయటికి పంపారు. యుద్ధకాలంలో బొగ్గు అవసరమైతే 1943లో అదే సర్కారు వాళ్ళను మళ్ళీ దింపింది. యుద్ధం అయిపోయాక 1946లో తిరిగి పైకి పంపేసింది. దయ అనేది బొగ్గు ధరను బట్టి మారుతుందా? చివరికి 2019లో కేంద్రం కొన్ని షరతులతో స్త్రీలకు భూగర్భంలోకి అనుమతి ఇచ్చింది. అప్పటికి ఏమైంది? 1990ల తొలినాళ్ళలో లక్షా 16 వేల దాకా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య 40 వేల స్థాయికి పడిపోయింది. తలుపు తెరిచేసరికి ఇల్లు సగానికి పైగా ఖాళీ.

పని లేదన్నాం కానీ అది నిజం కాదు. మూడు షిఫ్టుల చొప్పున నడిచే బాయికి మూడు షిఫ్టుల వంట ఉంటుంది. మొదటి షిఫ్టుకు పోయే భర్తకు తెల్లవారుజామున టిఫిన్ డబ్బా. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పగలు పడుకునేవాడి నిద్ర చెడకుండా రెండు గదుల క్వార్టరులో పిల్లల్ని అదుపు చేయడం. నల్లా వచ్చే వేళకు నీళ్ళు పట్టడం. బొగ్గు మసి పట్టిన బట్టలు ఉతకడం. కంపెనీ టన్నుకు ఇంత ఖర్చని లెక్క కట్టే ఉత్పత్తి వ్యయంలో ఈ శ్రమ ఎక్కడా ఉండదు. ఊళ్ళో కూలిమనిషిగా ఉన్నామె పట్నంలో 'గృహిణి' అయింది. ఇది ఎదుగుదల అని చుట్టాలు అనుకున్నారు, ఎండలో పని తప్పింది కదా అని. ఆమె కూడా అట్లాగే అనుకుని ఉండవచ్చు. అందులో తప్పేమీ లేదు. ఎండలో వంగి నాటు వేసిన నడుముకే ఆ సుఖం విలువ తెలుస్తుంది. కానీ ఉప్పు కొనడానికి కూడా భర్త చేతి వైపు చూడవలసిన స్థితి ఆ సుఖంతో పాటే వచ్చింది.

క్వార్టరు సంగతి ఇంకోటి. అది కంపెనీది. భర్త ఉద్యోగం పేర ఇచ్చారు. ఇరవై, ముప్పై ఏళ్ళు ఆమె ఆ వాకిట్లో ముగ్గు వేస్తుంది, గోడ పక్కన చిక్కుడు పాదు పెడుతుంది, బిడ్డల పెళ్ళిళ్ళు చేస్తుంది. ఆయన రిటైరైన తర్వాత తాళంచెవి అప్పగించాలి. అప్పుడు మొదటిసారి ఆ ఇంట్లో ఊరా పట్నమా అనే ప్రశ్న నిజంగా పుడుతుంది. గ్రాచ్యుటీ, ప్రావిడెంటు ఫండు డబ్బు చేతికొచ్చే ఆ కొద్ది వారాల్లో కుటుంబం ఒక పెద్ద నిర్ణయం తీసుకుంటుంది. గోదావరిఖనిలోనో పెద్దపల్లిలోనో జాగా కొని ఇల్లు కట్టడమా, ఊరికి పోయి పాత ఇల్లు బాగు చేసుకోవడమా, కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో కొడుకు దగ్గరికి పోవడమా? మాట్లాడేది ఆయన, ఆయన అన్నదమ్ములు, కొడుకులు, అల్లుళ్ళు. ఆమె చాయ తెచ్చి ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. అడిగితే, 'వాళ్ళు ఎట్లంటే అట్ల' అంటుంది. ఆ మాటను సమ్మతి కింద రాసుకోవడం మనకు అలవాటైపోయింది.

భర్త బతికుండి రిటైరైతే ఇది. మధ్యలోనే పోతే? జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో మరణించిన కార్మికుడి ఉద్యోగానికి అర్హులైన ఆధారితుల జాబితా రాసినప్పుడు, కొడుకు అని మాత్రమే రాశారు. పెళ్ళైందా లేదా అని అడగలేదు. కూతురి ముందు మాత్రం 'అవివాహిత' అనే మాట పెట్టారు. భార్యకు 45 ఏళ్ళ లోపు ఉంటే ఉద్యోగమో నెలనెలా పరిహారమో కోరుకునే అవకాశం ఇచ్చారు. కోరుకోవడం అనే మాట మనకు ఎదురయ్యే చోటు ఇదొకటి. అయితే ఆ కోరిక వెనుక ఎంతమంది నిలబడి ఉంటారో కార్యకర్తలకు తెలుసు. ఉద్యోగం కొడుక్కి ఇప్పించమని అత్తగారి వైపు, మరిదికి ఇప్పించమని ఇంకొకరు, నెల పైసలు తీసుకుని ఊరికి వచ్చి ఒక మూలన పడి ఉండమని మరొకరు. పట్నంలో ఉద్యోగం తీసుకుని ఒంటరిగా బతుకుతానంటే ఆమె గుణం మీద చర్చ మొదలవుతుంది.

ఉద్యోగమే కాదు, కంపెనీ ఊరు మొత్తం కూలిపోవడం కూడా ఈ ప్రాంతం చూసింది. రామగుండం ఎరువుల కర్మాగారంలో 1999లో ఉత్పత్తి ఆగింది. 2021లో అదే చోట ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. నడుమ రెండు దశాబ్దాలు. ఆ కాలనీ నుంచి చెదిరిపోయిన కుటుంబాల్లో స్త్రీలు ఎక్కడికి పోయారో, ఏం పని చేసి పిల్లల్ని పెంచారో ఏ నివేదికలోనూ కనబడదు. మనమూ ఆ చరిత్ర సేకరించలేదు. ఇప్పటికైనా చేయదగిన పని.

ఇక ఊరు. ఊరి గురించి మాట్లాడేటప్పుడు మనలో చాలామందికి గొంతు మెత్తబడుతుంది. స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు పత్రాల్లో 'వలస నివారణ' ఒక లక్ష్యంగా ఉంటుంది. ఇంతమంది స్త్రీలు ఊళ్ళోనే ఉండిపోయారని అంకె చూపి దాన్ని విజయమంటారు. ఆ అంకెను మేము అనుమానంతోనే చూస్తాం. ఎవరి ఊరు అది? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను పొగిడేవారికి ఎదురు నిలిచి, అది సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ నెలవని తేల్చి చెప్పారు. గాంధీ గ్రామ స్వరాజ్యం గురించి కన్న కలలోకి వాడ ఆడవాళ్ళు ఏ దారిన వస్తారో ఎవరూ చెప్పలేదు. పాత కరీంనగర్ జిల్లాలో దొరల గడీల కింద వెట్టి చేసిన కుటుంబాలకు బొగ్గుబాయి ఒక విడుదల. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన తరానికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. దొర కంటపడకుండా, పేరు చివర తిట్టు లేకుండా, చెప్పులు వేసుకుని బజారులో నడిచే వీలు దళిత స్త్రీకి పట్నమే ఇచ్చింది. ఆమెను ఊరికి తిరిగి రమ్మని పిలిచే ముందు ఆ ఊళ్ళో ఆమె ఇల్లు ఏ దిక్కున ఉందో చూడాలి.

అట్లాగని పట్నాన్ని మోక్షమార్గంగా చూపించడం కూడా మన పని కాదు. ఒంటరి స్త్రీకి గది అద్దెకివ్వని ఓనర్లు గోదావరిఖనిలోనూ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. అక్కడ ఆమెకు దొరికేవి కాంట్రాక్టు కింద ఊడ్చే పని, ఇళ్ళల్లో పాచిపని, కుట్టుమిషను. ఊళ్ళో ఆమెకు ఉన్న కొన్ని హక్కులు పట్నం పొలిమేర దాటవు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మొదటి దశలోనే 2006లో కరీంనగర్ జిల్లాలో అమలైంది. ఆడామగా ఇద్దరికీ ఒకటే కూలి అనే మాట చాలా ఊళ్ళలో ఆ పని దగ్గరే మొదటిసారి నిజమైంది. తెలంగాణలో ఆ పని దినాల్లో సగానికి పైగా స్త్రీలవే. కానీ ఆ చట్టమైనా, దాని స్థానంలోకి 2025 డిసెంబరులో తెచ్చిన చట్టమైనా గ్రామీణ కుటుంబాలకే. ఊరిని మున్సిపాలిటీలో కలిపిన నాడు ఆమె ఎక్కడికీ కదలకుండానే ఆ హక్కు పోతుంది. పొదుపు సంఘాలదీ ఇదే తీరు. ఊళ్ళో ఐకేపీ, పట్నంలో మెప్మా. పదేళ్ళు పొదుపు కట్టి సంపాదించుకున్న పరపతి ఊరు మారితే వెంట రాదు.

అసలు ఎంపికే లేకుండా పోయిన వాళ్ళ సంగతి వేరే చెప్పాలి. ఓపెన్‌కాస్టు గనుల కోసం ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయిన ప్రాంతం ఇది. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఊళ్ళు మరికొన్ని. వాళ్ళను ఊరా పట్నమా అని ఎవరూ అడగలేదు. నోటీసు అంటించారు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టంలో మనకు పనికొచ్చే మాటలు రెండు మూడు ఉన్నాయి. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబంగా లెక్కించాలి. వయసు వచ్చినవారు ఆడైనా మగైనా, పెళ్ళైనా కాకున్నా వేరే కుటుంబమే. బొగ్గు భూముల సేకరణకు వాడే 1957 చట్టం కింద భూములు తీసుకున్నా, పరిహారం, పునరావాసం విషయంలో ఈ 2013 చట్టం నిబంధనలే 2015 నుంచి వర్తిస్తాయి. సర్వేకు వచ్చినప్పుడు కొడుకుల పేర్లు చకచకా రాయించే పెద్దలు ఇంట్లో ఉన్న 20 ఏళ్ళ కూతురి పేరు మరిచిపోతారు. పునరావాసపు ఇల్లు గానీ స్థలం గానీ భార్యాభర్తల ఉమ్మడి పేర ఇవ్వవచ్చు అని అదే చట్టం రెండో షెడ్యూలు చెబుతుంది. 'ఇవ్వవచ్చు' అన్నారు. 'ఇవ్వాలి' అనలేదు. ఆ ఒక్క క్రియాపదం మీద ఎన్ని వేల మంది స్త్రీల గూడు ఆధారపడి ఉందో ఆలోచించండి. దాన్ని మార్చమని మనం ఇంతవరకు గట్టిగా అడగలేదు.

కాబట్టి ఊరూ పట్నాల చర్చను మేము ఇంకో చోట మొదలుపెట్టమంటున్నాం. రెండు చోట్లా ఇల్లు ఎవరి పేర ఉంది? ఊళ్ళో ఇల్లు మామ పేర, పొలం భర్త పేర. పట్నంలో క్వార్టరు కంపెనీ పేర, కొన్న జాగా మళ్ళీ భర్త పేర, లేదంటే కొడుకు పేర. తల్లిగారింటి భూమి అన్నదమ్ముల పేర. పట్టా ఎవరి పేర ఉంటే సర్కారు వాళ్ళనే రైతు అంటుంది. 2018లో వచ్చిన రైతుబంధు అయినా, ఆ తర్వాతి రైతు భరోసా అయినా పాసుపుస్తకంలో పేరున్న వారి ఖాతాలోకే. నాటు వేసిన చేతులను అడిగేదేమీ ఉండదు. భర్త దుబాయిలో ఉండి భార్య ఒక్కతే సేద్యం చేస్తున్న ఇళ్ళు ఈ జిల్లాల్లో ఎన్ని లేవు!

చట్టం మన వైపు లేదని అనడానికి వీల్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశంలో ముందుగా కదిలిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. కాకపోతే ఆనాటికే పెళ్ళైపోయిన కూతుళ్ళను వదిలేశారు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. సాగుభూమిని, ఉంటున్న ఇంటి పంపకాన్ని వేరుగా చూసిన పాత సెక్షన్లు కూడా పోయాయి. ఆ తేదీ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు కూతురిదేనని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా హిందూ వారసత్వ చట్టం సంగతి. ముస్లిం, క్రైస్తవ స్త్రీల వారసత్వం గురించి ఇంకో సంచికలో విడిగా రాస్తాం.

మరి అడ్డం ఎక్కడుంది? రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర. అన్న వచ్చి, 'చెల్లె, ఒక్క సంతకం పెట్టు, కట్నం ఇచ్చినం గదా' అంటాడు. హక్కు వదులుకుంటున్నట్టు కాగితం సిద్ధంగా ఉంటుంది. సంతకం పెట్టకపోతే పండుగకు పిలవరు, ఒడిబియ్యం పోయరు, రేపు మొగుడు కొడితే వచ్చి పడుకోవడానికి తల్లిగారిల్లు ఉండదు. ఆమె మూర్ఖత్వంతో సంతకం పెట్టడం లేదు. ఆ ఒక్క తలుపు మూసుకుపోకుండా ఉండడానికి ఎకరం భూమి ధర కడుతోంది. చట్టం గురించి శిక్షణా తరగతులు పెట్టేటప్పుడు మనం ఈ లెక్కను పక్కనపెట్టి మాట్లాడితే ఆమె మన మాట మర్యాదగా విని, ఇంటికి పోయి సంతకం పెట్టేస్తుంది. ఆ సంతకం పెట్టని వారికి సంఘం ఒక తలుపుగా నిలబడగలదా అన్నది మనం మనల్నే అడగాలి.

ఈ మధ్య ఒక చిన్న మార్పు వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. దాని మీద ఎన్ని హాస్యాలో! ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారని, సీట్లు దొరకడం లేదని. ఊరికే తిరగడం కూడా ఒక హక్కేనని మా అభిప్రాయం. ఆ సంగతి అటుంచి, ఊరూ పట్నాల మధ్య రానూపోనూ ఖర్చు లేకపోతే స్త్రీ రెండింటిలో ఒకటే పట్టుకుని వేలాడనక్కరలేదు. ఊళ్ళో ఇల్లు ఉంచుకుని పెద్దపల్లిలో, గోదావరిఖనిలో పని చూసుకోవచ్చు. కూతుర్ని హాస్టల్లో వేయకుండా కాలేజీకి పంపవచ్చు. మంచి దవాఖానకు పోవచ్చు. ఒక్క ఎకరం భూమి, ఒక్క ఇల్లు ఇవ్వకుండానే బస్సు కొంత ఎంపికను ఆమె చేతిలో పెట్టింది.

మన సభ్యులు తిరిగే బస్తీల్లో, కాలనీల్లో, ఊళ్ళలో ఇంకో ఏడాదిలో రిటైరు కాబోతున్న కార్మికుల ఇళ్ళు ఉంటాయి. తాళంచెవి ఇవ్వడానికి ముందే ఆ ఇళ్ళకు పోవాలి. ఆయన లేనప్పుడు ఆమెతో ఒకసారి, ఇద్దరితో ఒకసారి మాట్లాడాలి. కొనే జాగా ఇద్దరి పేర రాయించమని, నామినేషన్లలో ఎవరి పేరుందో చూడమని చెప్పాలి. బొగ్గు గనుల పింఛను ధరలతో పాటు పెరిగేది కాదు కాబట్టి చేతికొచ్చిన సొమ్మంతా కొడుకు వ్యాపారంలో పోయవద్దని చెప్పాలి. ఇందిరమ్మ ఇల్లు మంజూరైతే అది ఇంటి ఆడమనిషి పేరనే రావాలన్నది నియమం. అమలవుతున్నదో లేదో ఊరి వారీగా చూడాలి. ఇంట్లో హింస ఉన్నచోట 2005 గృహహింస చట్టం గుర్తు చేయాలి. ఉమ్మడిగా కాపురమున్న ఇల్లు అద్దెదైనా అందులో ఉండే హక్కు ఆమెకుంది. కోర్టు ఆమెకు వేరే ఇల్లు చూపించమని, అద్దె కట్టమని భర్తను ఆదేశించవచ్చు. భూసేకరణ సర్వే జరుగుతున్న ఊళ్ళలో వయసొచ్చిన కూతుళ్ళ, ఒంటరి స్త్రీల జాబితా మనమే రాసి గ్రామసభలో చదివించాలి. వచ్చే సంచికలోగా ఈ పనుల్లో ఏది మొదలైనా, ఎక్కడ ఆగిపోయినా మాకు రాయండి. ఏ ఇంట్లో అయినా గుమ్మం దగ్గర నిలబడ్డామె నోరు తెరిచి తనకు ఎక్కడ ఉండాలని ఉందో చెబితే, ఊరన్నా సరే, పట్నమన్నా సరే, ఆమె చెప్పిన మాటను చెప్పినట్టుగా రాసి పంపండి.